కౌన్సెలర్‌ను ఎంచుకోవడం కూడా మన హక్కే

"ఒకసారి కౌన్సెలర్‌ని కలవరాదా?" నిద్ర పట్టడం లేదని, చదువు మీద ధ్యాస నిలవడం లేదని చెప్పుకున్న వాళ్లకు ఇప్పుడు హాస్టళ్లలో సులువుగా దొరికే సలహా ఇది. మంచి సలహానే. కానీ ఆ తర్వాత వచ్చే ప్రశ్నలకు జవాబు చెప్పేవాళ్లు తక్కువ. ఎవరిని కలవాలి? ఎక్కడ ఉంటారు? ఎంత తీసుకుంటారు? నేను చెప్పింది హెచ్‌ఓడీ చెవిన పడదని నమ్మకమేంటి? నా కులం సంగతి ఎత్తితే ఆ గదిలో ఏం జరుగుతుంది?

2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేములను, 2019 మే 22న ముంబైలో ఆదివాసీ వైద్యురాలు పాయల్ తడ్వీని, 2023 ఫిబ్రవరి 12న ఐఐటీ బాంబేలో దర్శన్ సోలంకీని కోల్పోయాం. ఇలాంటి ప్రతి మరణం తర్వాతా రెండు మాటలు వినిపిస్తాయి. వివక్ష గురించి, సంస్థ బాధ్యత గురించి విద్యార్థులు మాట్లాడతారు. మానసిక ఒత్తిడి గురించి, కౌన్సెలింగ్ గురించి అధికారులు మాట్లాడతారు. రెండో మాటతో మొదటి మాట నోరు మూయించడం చూసీ చూసీ చాలామంది దళిత విద్యార్థులకు కౌన్సెలింగ్ అంటేనే అనుమానం పుట్టింది. ఆ అనుమానానికి కారణం ఉంది. అయితే దానివల్ల నష్టపోతున్నదీ మనమే. బాధకు మూలం వ్యవస్థలో ఉన్నా, కంటి మీద కునుకు లేని రాత్రి గడపాల్సింది ఒక మనిషి. పోరాటం ఏళ్ల తరబడి సాగుతుంది. అప్పటిదాకా ఆ మనిషి తినాలి, నిద్రపోవాలి, బతకాలి.

కాబట్టి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలా వద్దా అన్న చర్చను కాస్త పక్కన పెడదాం. మనకు సరిపడే మనిషిని ఎలా వెతుక్కోవాలి, సరిపడకపోతే ఎలా మార్చుకోవాలి అన్నదే ఈ వ్యాసం విషయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ చికిత్సను హక్కుగా చెప్పింది. ఆ సేవలు అందుబాటు ధరలో, నాణ్యంగా, కులం, మతం, లింగం, వర్గం వంటి ఏ వివక్షా లేకుండా, చికిత్స పొందే వ్యక్తికి ఆమోదయోగ్యమైన రీతిలో అందాలని రాసింది. ఈ చివరి మాటను గుర్తుపెట్టుకోండి. ఎవరో ఒకరిని చూపించి సరిపెట్టుకోమంటే ఆ హక్కు పూర్తిగా అందినట్టు కాదు.

ఒక ముఖ్యమైన మాట ముందే చెప్పాలి. చనిపోవాలన్న ఆలోచనలు మీకు గానీ, మీ పక్కవాళ్లకు గానీ వస్తుంటే ఈ వెతుకులాటంతా తర్వాత చూసుకోవచ్చు. వెంటనే 14416కు ఫోన్ చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఎవరైనా ఒకటేనా?

కాలు విరిగితే ఏ ఎముకల డాక్టరైనా కట్టు కట్టగలడు. మనసు విషయం అలా కాదు. అక్కడ చికిత్సంతా మాటలతోనే నడుస్తుంది. ఎదుటి మనిషి మన మాటను నమ్ముతున్నాడా లేదా అన్నదాని మీదే సగం ఫలితం ఆధారపడి ఉంటుంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక ఎస్సీ పరిశోధక విద్యార్థిని తన చాప్టర్ ఇచ్చి ఆరు నెలలైంది. గైడ్ చదవలేదు. ఆమె తర్వాత చేరిన వాళ్ల పేపర్లు మాత్రం అచ్చవుతున్నాయి. ల్యాబ్‌లో టీకి అందరూ కలిసి వెళ్తారు, ఆమెను పిలవరు. ఆమె కౌన్సెలర్‌కు ఇదంతా చెబుతుంది. ఇప్పుడు చాలాచోట్ల వాడే సీబీటీ పద్ధతిలో, మనిషిని కుంగదీసే ఆలోచనలను గుర్తించి, వాటికి ఆధారం ఉందా అని పరీక్షించి, లేకపోతే మార్చుకోవడం నేర్పిస్తారు. ఆందోళనకు, డిప్రెషన్‌కు బాగా పనిచేసే పద్ధతే. కానీ కులం గురించి తెలియని కౌన్సెలర్ చేతిలో అదే పద్ధతి, "వాళ్లు మిమ్మల్ని కావాలని పక్కన పెడుతున్నారనడానికి రుజువేంటి? మీరు ఎక్కువ ఆలోచిస్తున్నారేమో" అన్న ప్రశ్నగా మారిపోతుంది. జరిగిన వివక్ష ఆమె ఆలోచనలోని లోపమైపోతుంది. గది నుంచి బయటికి వచ్చేటప్పటికి, లోపలికి వెళ్లినప్పటి బాధకు తోడు తన మీద తనకే అనుమానం కూడా మొదలవుతుంది.

మంచి కౌన్సెలర్ అదే కథను మరోలా వింటారు. జరిగింది జరిగినట్టు ఒప్పుకుంటారు. "ఇది వివక్షలాగే ఉంది. దీన్ని మీరు ఇన్నాళ్లూ ఒంటరిగా మోశారు" అంటారు. ఆ తర్వాత తమ పని మొదలుపెడతారు. నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, ల్యాబ్‌కు వెళ్లే ముందు ఒంట్లో ఏమవుతోంది, "నాకు ఇక్కడ ఉండే అర్హత లేదేమో" అన్న ఆలోచన ఎప్పటి నుంచి వస్తోంది? సీబీటీ ఇక్కడా పనికొస్తుంది. గైడ్ ప్రవర్తన నిజం. "అందుకే నేను పనికిరాని దాన్ని" అన్న ముగింపు మాత్రం నిజం కాదు. పరీక్షించాల్సింది ఆ ముగింపును.

దీనికి రెండో వైపు కూడా ఉంది. అన్నిటికీ కులమే కారణమని మొదటి పది నిమిషాల్లోనే తేల్చేసే కౌన్సెలర్ కూడా మనకు మేలు చేయరు. మన ఇళ్లలోనూ బైపోలార్ ఉంటుంది, స్కిజోఫ్రీనియా ఉంటుంది, ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్ ఉంటుంది. థైరాయిడ్ లోపం వల్ల కూడా నీరసం, దిగులు రావచ్చు. ప్రేమలు విఫలమవుతాయి, ఇంట్లో తాగుడు ఉంటుంది. దళితులకు కూడా కులం కాని బాధలుంటాయి. ముందు వినేవాళ్లు కావాలి. తీర్పు తర్వాత.

బోర్డు మీద ఏముందో చూడండి

మానసిక ఆరోగ్య రంగంలో పేర్లు కలగాపులగంగా ఉంటాయి. ఎవరు ఏం చేయగలరో తెలిస్తే సగం డబ్బు, సగం తిరుగుడు మిగులుతాయి.

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్. రోగం నిర్ధారించి మందులు రాస్తారు. వీరికి రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. చాలాచోట్ల ఓపీలో జనం ఎక్కువ కాబట్టి తీరిగ్గా మాట్లాడే సమయం వీరి దగ్గర తక్కువగా ఉంటుంది.

క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు. పరీక్షలు చేస్తారు, థెరపీ ఇస్తారు. వీరికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబర్ అడగడం తప్పు కాదు. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు.

సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కుటుంబం, చదువు, డబ్బు, ప్రభుత్వ పథకాలు, సర్టిఫికెట్లు వంటి వాటితో కలిపి సమస్యను చూస్తారు. ప్రభుత్వ ఆసుపత్రిలో వీరు ఉంటే తప్పకుండా కలవండి. మన జీవితాలు వీరికి అర్థమయ్యే అవకాశం ఎక్కువ.

కౌన్సెలర్ అన్న పేరు దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. సైకాలజీలో ఎంఏ, ఎమ్మెస్సీ చేసి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో ఏళ్ల తరబడి పనిచేసిన మంచి కౌన్సెలర్లు ఉన్నారు. రెండు వారాల ఆన్‌లైన్ కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్లూ అదే పేరు వాడుతున్నారు. మోటివేషనల్ స్పీకర్, లైఫ్ కోచ్, హిప్నాసిస్ నిపుణుడు వంటి పేర్లూ కలిసిపోతాయి. కాబట్టి ఏం చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేస్తున్నారు అన్న మూడూ అడగాలి.

మరి ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి? రోజుల తరబడి నిద్ర లేకపోవడం, తిండి మానేయడం, ఎవరికీ వినిపించని మాటలు వినిపించడం, చనిపోవాలన్న ఆలోచనలు, మందు లేదా మత్తు మానలేకపోవడం ఉంటే ముందు సైకియాట్రిస్ట్. దిగులు, భయం, బంధాల్లో గొడవలు, వివక్ష వల్ల కలిగిన కుంగుబాటు, చదువు ఒత్తిడి ఉండి రోజువారీ పనులు ఎలాగోలా నడుస్తుంటే సైకాలజిస్ట్ లేదా కౌన్సెలర్‌తో మొదలుపెట్టొచ్చు. మందులు వాడటం ఓటమి కాదు. బీపీకి మాత్ర వేసుకునే నాన్నను మనం బలహీనుడని అనుకోం కదా.

ఎక్కడ వెతకాలి, ఎంతవుతుంది

దేశంలో మానసిక వైద్యం అందరికీ అందడం లేదు. నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, రోగాన్ని బట్టి 70 నుంచి 92 శాతం మంది చికిత్సకు దూరంగానే ఉన్నారు. ఉన్న నిపుణుల్లోనూ ఎక్కువమంది నగరాల్లోనే ఉంటారు. కాబట్టి ఒకే దారి మీద ఆధారపడకుండా నాలుగైదు దారులు తెలుసుకుని ఉండటం మంచిది.

మొదటిది మీ కాలేజీ. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ ఒక విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇస్తూ విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు జారీ చేసింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌ను గానీ, సైకాలజిస్ట్‌ను గానీ, సోషల్ వర్కర్‌ను గానీ కనీసం ఒకరిని నియమించాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులతో, ఎల్‌జీబీటీక్యూ, వికలాంగ విద్యార్థులతో వివక్ష లేకుండా మెలిగేలా సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. టెలీ మానస్ నంబర్ హాస్టళ్లలో, తరగతి గదుల్లో కనిపించేలా పెట్టాలి. తీర్పు కోచింగ్ సెంటర్లకూ వర్తిస్తుంది. మీ సంస్థలో ఇవేవీ లేకపోతే అడగడానికి ఇప్పుడు మీ చేతిలో సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

రెండోది ప్రభుత్వ ఆసుపత్రి. హైదరాబాద్ ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్నాయి. "ఎర్రగడ్డకు పంపాలి వీణ్ని" అనే తిట్టు వల్ల ఆ పేరు వింటేనే జనం వెనక్కి తగ్గుతారు. నిజానికి అక్కడ ఓపీకి వచ్చి చూపించుకుని మందులు తీసుకుని ఇంటికి వెళ్లిపోయే వాళ్లు చాలామంది. అక్కడిదాకా వెళ్లలేకపోతే ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్న ఊళ్లో పెద్దాసుపత్రి సైకియాట్రీ విభాగంలో ఓపీ చీటీ రాయించుకోవచ్చు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లోనూ సేవలుంటాయి. 1996లో ఈ కార్యక్రమం దేశంలో మొదలైన తొలి జిల్లాల్లో మన మెదక్ ఒకటి. ఏ రోజుల్లో డాక్టర్ ఉంటారో ముందే కనుక్కుని పొద్దున్నే వెళ్లండి, లేకపోతే రోజు కూలీ వదులుకుని వచ్చిన అమ్మానాన్నలు వట్టి చేతులతో తిరిగి వెళ్లాల్సి వస్తుంది.

మూడోది ఫోన్. టెలీ మానస్‌లో మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. అవసరమైతే పై స్థాయి నిపుణులకు, దగ్గర్లోని ఆసుపత్రికి పంపిస్తారు. ప్రాణాపాయం ఉన్నప్పుడే చేయాలని నియమం లేదు. "మా జిల్లాలో నాకు దగ్గరగా ప్రభుత్వ సైకియాట్రిస్ట్ ఎక్కడ ఉన్నారు?" అని అడగడానికి కూడా చేయొచ్చు.

నాలుగోది ప్రైవేటు. హైదరాబాద్ లాంటి నగరంలో ఒక సెషన్‌కు సాధారణంగా 1,000 నుంచి 2,500 రూపాయల దాకా తీసుకుంటారు. నెట్ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసే విద్యార్థికి వచ్చే ఫెలోషిప్ నెలకు 8,000. వారానికో సెషన్, ఒక్కోటి 1,500 అనుకుంటే నెలకు 6,000. మిగిలిన 2,000తో మెస్ బిల్లు కట్టాలి, ఇంటికి పంపాలి. ఇది అయ్యే పని కాదు. అందుకే స్లైడింగ్ స్కేల్ ఉందా అని అడగండి. అంటే మన ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించడం. కొందరు థెరపిస్టులు వారంలో కొన్ని గంటలు తక్కువ ఫీజుకు కేటాయిస్తారు. అడగకపోతే చెప్పకపోవచ్చు. అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు. వారానికి బదులు రెండు వారాలకోసారి కలుస్తామని కూడా మాట్లాడుకోవచ్చు. సైకాలజీ విభాగాలున్న కొన్ని విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి కౌన్సెలర్లు పర్యవేక్షణలో తక్కువ ఖర్చుకు సేవలందిస్తుంటారు. అదీ కనుక్కోండి.

ఐదోది మన నెట్‌వర్క్‌లు. బహుజనులకు కులం తెలిసిన, ఖర్చు భరించగలిగే థెరపిస్టులను పరిచయం చేయాలన్న ఆలోచనతో దివ్య కందుకూరి మొదలుపెట్టిన బ్లూ డాన్ ఇందుకు ఒక దారి చూపింది. సీనియర్లు, అంబేద్కర్ విద్యార్థి సంఘాలు, మహిళా సంఘాల వాళ్లు ఎవరిని కలిశారో, వాళ్ల అనుభవం ఏమిటో అడగండి. గూగుల్ రేటింగ్ కంటే ఒక సీనియర్ అక్క చెప్పే మాట ఎక్కువ పనికొస్తుంది.

ముందే అడగాల్సిన ప్రశ్నలు

మనకు డాక్టర్‌ను ప్రశ్నించడం అలవాటు లేదు. తెల్లకోటు ముందు నిలబడి చెప్పింది విని రావడమే చిన్నప్పటి నుంచి చూశాం. థెరపీలో మాత్రం ప్రశ్నించడం పనిలో భాగం. మొదటి సెషన్‌లో వాళ్లు మనల్ని అర్థం చేసుకుంటున్నట్టే మనమూ వాళ్లను పరిశీలించాలి. ఫోన్‌లోనో, మెసేజ్‌లోనో ఇలా అడగవచ్చు:

"మేడమ్, నేను పీహెచ్‌డీ విద్యార్థిని. కొన్ని నెలలుగా ఆందోళనగా ఉంటోంది. అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు కొన్ని విషయాలు తెలుసుకోవాలి. మీ చదువు, రిజిస్ట్రేషన్ ఏమిటి? దళిత, ఆదివాసీ విద్యార్థులతో ఇంతకుముందు పనిచేశారా? కుల వివక్ష గురించి సెషన్‌లో మాట్లాడితే దాన్ని మీరు ఎలా చూస్తారు? తెలుగులో మాట్లాడవచ్చా? నేను చెప్పినవి ఎవరికైనా చెప్పాల్సిన పరిస్థితి ఏదైనా ఉంటుందా? ఫీజు ఎంత, తగ్గించే వీలుందా?"

జవాబుల్లో ఏం వెతకాలి? "ఆ అంశంలో నాకు అనుభవం తక్కువ, కానీ నేర్చుకుంటాను, నేను పొరపాటుగా ఏదైనా అంటే చెప్పండి" అనేవాళ్లు ఫర్వాలేదు. "కులం గురించి నేను చదివాను, నా సొంత కులం వల్ల నాకు కనిపించనివి ఉంటాయని తెలుసు" అనేవాళ్లు దొరికితే మంచిది. "నేను కులం పట్టించుకోను, నాకు అందరూ సమానమే" అనే జవాబు వినడానికి బాగుంటుంది. కులం పట్టించుకోకుండా బతకగలగడం ఎవరికి సాధ్యమో ఆలోచిస్తే దాని వెనక ఏముందో తెలుస్తుంది. అయినా ఆ ఒక్క మాటతోనే కొట్టిపారేయకండి, ఇంకో ప్రశ్న వేయండి. "ఇప్పుడు కులం ఎక్కడుంది?", "రిజర్వేషన్ ఉంది కదా, మీకేం ఒత్తిడి?", "మీరేంటి, చూస్తే అలా అనిపించరే" లాంటి మాటలు వస్తే ఫోన్ పెట్టేయొచ్చు. ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, నాన్న ఏం చేస్తారని అడిగి కులం కూపీ లాగడం కూడా మంచి సూచన కాదు. అవసరమైతే సూటిగా, కారణం చెప్పి అడగడం వేరు.

మనవాళ్లే కావాలా?

దళిత థెరపిస్ట్ దొరికితే చాలా విషయాలు వివరించి చెప్పాల్సిన పని ఉండదు. వాడ అంటే ఏమిటో, బళ్లో మధ్యాహ్న భోజనం దగ్గర ఏం జరుగుతుందో, క్లాసులో ర్యాంకుల జాబితా అతికించినప్పుడు కడుపులో ఏమవుతుందో చెప్పకుండానే అర్థమవుతుంది. ఆ ఊరట చిన్నది కాదు. కానీ వాళ్ల సంఖ్య చాలా తక్కువ. వాళ్ల కోసమే ఎదురుచూస్తూ చికిత్స వాయిదా వేసుకోకండి. పైగా మన సమాజం చిన్నది. అదే సంఘంలో, అదే ఉద్యమంలో ఉన్న మనిషి అయితే గోప్యత గురించి భయం ఉండొచ్చు. మాల, మాదిగ అన్న తేడాలు, వర్గీకరణ మీద అభిప్రాయాలు కూడా గదిలోకి రావచ్చు. ఒకే కులం అయినంత మాత్రాన ఒకే అవగాహన ఉండదు. ఆడపిల్లలకు, ట్రాన్స్ వ్యక్తులకు తమ కులం వాళ్లకంటే తమ భయం అర్థమయ్యే మనిషి ముఖ్యం కావచ్చు.

తెలుగు రాష్ట్రాల్లో ఇంకో విషయం ఉంది, దాని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. చాలా దళిత కుటుంబాలు చర్చికి వెళ్తాయి. సర్టిఫికెట్‌లో హిందూ ఎస్సీ అని ఉంటుంది. క్రైస్తవులుగా నమోదైతే బీసీ-సీ కిందికి వస్తారు. ప్రార్థన వల్ల ధైర్యం వచ్చిందని, పాస్టర్‌తో మాట్లాడానని కౌన్సెలర్‌కు చెప్పాలన్నా ఆ విద్యార్థి నాలుక వెనక్కి లాగుతుంది. ఇది రేపు నా సీటుకే ముప్పు తెస్తుందేమో అన్న భయం. ఇలాంటి చోట మతం గురించి మాట్లాడే ముందే గోప్యత గురించి అడగండి. ఏం రాసుకుంటారు, ఎక్కడ దాస్తారు అని అడగండి. మీకు ధైర్యం కుదిరేదాకా ఆ విషయం చెప్పకపోయినా ఫర్వాలేదు. థెరపీలో అన్నీ మొదటి రోజే చెప్పేయాలన్న రూలు లేదు.

గోప్యత: కాలేజీ కౌన్సెలర్ దగ్గర మరింత జాగ్రత్త

2017 చట్టం 23వ సెక్షన్ ప్రకారం చికిత్సకు సంబంధించిన సమాచారాన్ని వైద్య నిపుణులు రహస్యంగా ఉంచాలి. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, వేరేవాళ్లకు హాని జరగబోతున్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు వంటి కొన్ని సందర్భాల్లోనే మినహాయింపు. 25వ సెక్షన్ కింద మన వైద్య రికార్డు చూసుకునే హక్కు మనకుంది.

అయితే కాలేజీ కౌన్సెలర్‌కు జీతం ఇచ్చేది కాలేజీ. మీ ఫిర్యాదు ఆ కాలేజీ ప్రొఫెసర్ మీదే అయితే కౌన్సెలర్ ఎటు నిలబడతారు? చాలామంది నిజాయితీగానే ఉంటారు. అయినా మూడు ప్రశ్నలు అడగండి. నా పేరుతో డీన్‌కో, వార్డెన్‌కో నివేదిక వెళ్తుందా? నా నోట్సు ఎవరు చూడగలరు? నా అనుమతి లేకుండా ఇంట్లోవాళ్లకు ఫోన్ చేస్తారా? జవాబు నోటితో చెప్పినా, తర్వాత "మనం మాట్లాడుకున్నట్టు" అని ఒక ఈమెయిల్ పంపి పెట్టుకోండి. విషయం సంస్థ మీదే అయితే వీలైనంతవరకు క్యాంపస్ బయటి మనిషిని కలవడం మేలు.

ఏ భాషలో ఏడుస్తామో ఆ భాషలో

ఇంగ్లిష్‌లో థీసిస్ రాయగలిగినవాళ్లు కూడా ఇంగ్లిష్‌లో ఏడవలేరు. చాలామంది ప్రైవేటు థెరపిస్టులు ఇంగ్లిష్‌లోనే శిక్షణ పొందారు. "మీకు యాంగ్జైటీ ఉందా?" అంటే ఏం చెప్పాలో తోచకపోవచ్చు. అలాంటప్పుడు ఆ పదాలు వదిలేయండి. "గుండె దడదడలాడుతోంది", "ఏ పనీ చేయబుద్ధి కావట్లేదు", "నలుగురిలోకి వెళ్లాలంటే ఒళ్లు చల్లబడుతోంది", "బతికి ఏం లాభం అనిపిస్తోంది" అని మీ మాటల్లో, మీ యాసలో చెప్పండి. ఎప్పటి నుంచి, రోజులో ఏ వేళ ఎక్కువ, ఏం జరిగినప్పుడు మొదలవుతుంది అన్నవి కాగితం మీద రాసుకుని వెళ్లండి. యాస విని నవ్వే మనిషి, ఇంగ్లిష్ రాలేదని తొందరపెట్టే మనిషి మీకు సరిపడరు.

సరిపడకపోతే వదిలేయడం

ఒక్క సెషన్‌తో తేల్చడం కష్టం. అవమానించడం, కులం గురించి హేళన చేయడం, అసభ్యంగా ప్రవర్తించడం జరిగితే మాత్రం అక్కడితో ఆపేయండి. అలాంటివి లేకపోతే మూడు నాలుగు సెషన్లు చూసి మిమ్మల్ని మీరు అడగండి. చెప్పింది వింటున్నారా? గతసారి చెప్పింది గుర్తుందా? బయటికి వచ్చాక ఏడుపొచ్చినా, కాస్త తేలిగ్గా ఉంటోందా? లేక ప్రతిసారీ వాళ్లకు కులం గురించి పాఠం చెప్పి అలిసిపోయి వస్తున్నానా? మన సెషన్ సమయం, మన డబ్బు వాళ్ల చదువుకు ఖర్చవుతుంటే అది చికిత్స కాదు.

మానేయాలనుకుంటే పెద్ద వివరణ అక్కర్లేదు. "మీ సమయానికి కృతజ్ఞతలు. మన పద్ధతి నాకు సరిపడటం లేదు. వేరే ఎవరినైనా సూచించగలరా?" అంటే చాలు. మందులు వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపకండి. కొన్ని మందులు ఒక్కసారిగా ఆపితే బాధ తిరగబెడుతుంది. కొత్త డాక్టర్‌కు పాత చీటీ చూపించి మార్చుకోండి. ఒకరు సరిపడలేదంటే థెరపీయే మనకు పనికిరాదని అర్థం కాదు.

కౌన్సెలింగ్ చేయలేని పని

కౌన్సెలర్ మీ నిద్రను వెనక్కి తేగలరు. మీ గైడ్‌ను మార్చలేరు. వివక్ష మీద ఫిర్యాదు చేస్తే "ముందు కౌన్సెలింగ్‌కు వెళ్లిరా" అని పంపేయడం కొన్ని సంస్థలకు అలవాటు. రెండూ వేర్వేరు పనులు, రెండూ పక్కపక్కనే నడవాలి. యూజీసీ 2012 నిబంధనల ప్రకారం ఉన్నత విద్యాసంస్థల్లో సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలి. ఫిర్యాదు అక్కడ రాతపూర్వకంగా ఇచ్చి నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. నేరం స్థాయిలో ఉంటే 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. అత్యాచారాల మీద జాతీయ హెల్ప్‌లైన్ 14566. తేదీలు, మెసేజ్‌లు, సాక్షుల పేర్లు రాసిపెట్టుకోండి. మీరు చికిత్స తీసుకుంటున్నారు కాబట్టి మీ ఫిర్యాదు నమ్మదగినది కాదని ఎవరైనా అంటే, 2017 చట్టం 3వ సెక్షన్ చూపించండి. ఒక వ్యక్తి సామాజిక స్థితిని బట్టి గానీ, చుట్టూ ఉన్న సమాజపు విలువలను ఒప్పుకోనందుకు గానీ మానసిక రోగి అని నిర్ణయించకూడదని అందులో ఉంది.

సంఘాలు చేయగలిగింది

ఇంత వెతుకులాట ప్రతి విద్యార్థీ ఒంటరిగా, అదీ నీరసంగా ఉన్న రోజుల్లో చేయాల్సి రావడమే అన్యాయం. విద్యార్థి సంఘాలు ఇందులో చాలా చేయగలవు. మీ ఊళ్లో ఎవరున్నారు, ఏ రోజు దొరుకుతారు, ఎంత తీసుకుంటారు, తెలుగు మాట్లాడతారా, కులం గురించి ఎలా స్పందించారు అన్న వివరాలతో ఒక జాబితా తయారుచేసి ఏడాదికి రెండుసార్లు సరిచూడండి. అనుభవం చెప్పినవాళ్ల పేరు అందులో ఎక్కడా రాయకండి. మొదటిసారి ఆసుపత్రికి వెళ్లేవాళ్లకు తోడు వెళ్లేవాళ్లను ఇద్దరిని పెట్టుకోండి. ఓపీ లైన్లో పక్కన ఒక స్నేహితుడు ఉంటే సగం భయం పోతుంది. ఫీజుకు చిన్న నిధి పెట్టుకోండి. మీ సంస్థలో కౌన్సెలర్‌ను నియమించేటప్పుడు ఎంపిక కమిటీలో ఎస్సీ, ఎస్టీ ప్రతినిధి ఉండాలని, రోస్టర్ పాటించాలని, కులం మీద శిక్షణ ఉండాలని రాతపూర్వకంగా అడగండి.

ఫ్రెషర్లకు స్వాగత సభలో స్కాలర్‌షిప్ ఫారం ఎలా నింపాలో చెబుతాం. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగితే ఎవరిని కలవాలో చెబుతాం. ఇకనుంచి ఆ కాగితం వెనక పక్కనే 14416 నంబరూ, పెద్దాసుపత్రి ఓపీ రోజులూ, మనం నమ్మే ఇద్దరు ముగ్గురు కౌన్సెలర్ల వివరాలూ అచ్చువేద్దాం. అవసరం వచ్చిన రోజు ఆ విద్యార్థికి వెతికే ఓపిక ఉండదు. కాగితం తిప్పితే చాలు అన్నట్టు ఉండాలి.